వెనక ఎడమ మూల

పసుపు.

గోరంత పసుపు, ఇనుము మీద.

బానెట్ ఎత్తితే ముందు కళ్ళకు తగిలేది అదే. ఇంజను వెనక, ఎడమ మూల, రెండు బోల్టులు — వాటి తలల మీద రెండు చుక్కలు. గడ్డిపూలు రాలి అక్కడే అతుక్కుపోయినట్టు.

తర్వాత వాసన. పచ్చి పెట్రోలు వాసన. కళ్ళు మండే వాసన.

తర్వాత చప్పుడు…

గుడు గుడు గుడు — తుప్. గుడు గుడు — తుప్.

ఆ తర్వాత ఏమీ లేదు. పక్కింటి కంచె మీద పిట్ట ఒక్కటే.

"మళ్ళీ ఆగిపోయింది," అన్నాను.

"ఆగలేదు," అన్నాడు వెండెల్, నా మొగుడు. "ఆలోచిస్తోంది."

"ఏడాది నించీ ఆలోచిస్తోందా? ఏంటయ్యా, పరీక్ష రాస్తోందా?"

బ్యూలా మా కారు. మామ పెట్టిన పేరు. అరవై తొమ్మిదిలో కార్ల ఊరు ఈ ఫ్లింట్‌లోనే పుట్టింది. ముదురాకుపచ్చ ఒళ్ళు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు. హైవే ఎక్కిస్తే తొక్కినకొద్దీ అరుస్తుంది. ముందున్న కొత్త కార్లు దారి ఇచ్చి పక్కకు పోతాయి. కడుపులో ఉన్నదంతా గొంతులో పలుకుతుంది దానికి.

కానీ నడవలేదు.

పరుగెత్తుతుంది, నడవలేదు. మనిషి నడిచే వేగానికి దింపితే చాలు — వణుకు, దగ్గు, తుప్.

మాకు కావలసింది పరుగు కాదు. నడక.

సెప్టెంబరు మొదటి సోమవారం మా కార్మికుల ఊరేగింపు. ముందు డ్రమ్ములు. డ్రమ్ముల వెనక బ్యూలా. బ్యూలాలో మా అత్త ఓజెల్లా, ఎనభై ఆరేళ్ళది. ఇంజన్ల ఫ్యాక్టరీలో, వరసగా కదిలొచ్చే ఇంజన్లకు భాగాలు బిగించే లైను మీద మొదటిసారి నిలబడిన నల్ల ఆడవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురిలో మిగిలింది ఈమె.

పోయినేడు సాగినా వీధిలో బ్యూలా మూడుసార్లు ఆగింది. మూడోసారి రైలు వంతెన దగ్గర, ఆ కాస్త ఎత్తు ఎక్కలేక, ఇక లేవనంది. తోశాం. చొక్కాలు తడిసేలా తోశాం. అత్త దిగి, కర్ర పట్టుకుని, మిగతా దారి నడిచింది. ఒక్క మాట అనలేదు.

ఆ అనని మాట నాకు ఏడాదంతా వినపడింది.

ఈ ఏడాది యూనియన్ ఆఫీసు కుర్రాళ్ళు కొత్త కారు పంపుతామన్నారు. చల్లగాలి వచ్చే కారు. చప్పుడు చెయ్యని కారు.

"శవప్పెట్టె కూడా చప్పుడు చెయ్యదు," అంది అత్త వాళ్ళతో. "వస్తే బ్యూలాలో వస్తా. లేదా ఇంట్లో పడుకుంటా. వచ్చే ఏడాది పిలవండి నాయనా. ఉంటే చూద్దాం."

ఉంటే.

ఇవాళ శుక్రవారం. మూడు రోజులుంది.

*

వెండెల్‌కి ఒకటే వైద్యం వచ్చు. ఇంకొంచెం పెట్రోలు పొయ్యి.

దగ్గిందా? కార్బ్యురేటర్ స్క్రూలు రెండూ ఇంకో చుట్టు బయటికి. మళ్ళీ దగ్గిందా? పెట్రోలు కారే సన్న జెట్లు తీసి లావు జెట్లు పెట్టు. ఇంకా దగ్గిందా? ఇంకా లావువి. ఈ ఏడాదిలో బ్యూలా తాగిన పెట్రోలుతో షికాగో వెళ్ళి రావచ్చు — నాలుగుసార్లు. ఊరు మాత్రం దాటలేదు.

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. ఏడ్చే పిల్లకి బిస్కెట్టు ఇస్తే ఊరుకుంటుందని నేర్చుకున్నాడు. అందరికీ అదే మందు.

ఇంజనుకు ఉన్నవి రెండే ఆకళ్ళు. ఒకటి గాలి. ఒకటి పెట్రోలు. రెండూ తగు పాళ్ళలో కలిస్తే పాడుతుంది. గాలి ఎక్కువైతే దగ్గుతుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లగా కక్కుతుంది.

బ్యూలా దగ్గుతోంది.

బ్యూలా కక్కుతోంది.

ఆకలీ అజీర్తీ — ఒకే ఒంట్లో, ఒకే పూట.

ఇదెక్కడి రోగం?

స్పార్క్ ప్లగ్గులు తీశాను. వేడి వేడిగా, ఎనిమిదీ. వేళ్ళు చురుక్కుమన్నాయి. గరాజు గడప మీద పాత పేపరు పరిచి, ఏ సిలిండరుదాన్ని ఆ వరసలో పేర్చాను. నాలుగు ఇటు, నాలుగు అటు.

మంచి ప్లగ్గు ముక్కు మొక్కజొన్న రొట్టె అడుగు రంగులో ఉండాలి. కాలీ కాలనట్టు, ఎర్రగా, గోధుమగా.

ఆరు నల్లగా ఉన్నాయి. పొయ్యి మసిలా. వేలితో గీస్తే గీత పడింది.

రెండు తెల్లగా ఉన్నాయి. సుద్దలా. ఎండి, పాలిపోయి.

ఆ రెండూ పక్కపక్కవే. ఎడమ వైపువి. చివరివి.

పేపరు ముందు గొంతుక్కూచుని ఎంతసేపు చూశానో! నవ్వొచ్చింది. కోపమొచ్చింది. ఇది నాకు తెలుసు కదా. ఇది నేను ఇరుసుల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు చూశాను, రెండుసార్లు సస్పెండయ్యేంత దగ్గరగా చూశాను. ఆరుగురు కక్కుకునేలా తింటున్నారు. ఇద్దరు పస్తులున్నారు. పై నించి చూసేవాడు సరాసరి తీసి, అందరూ సుఖంగానే ఉన్నారంటాడు. దగ్గు వినపడితే ఇంకొంచెం పొయ్యమంటాడు. పోసిందంతా ఆ ఆరుగురికే పోతుంది.

వాళ్ళకి తక్కువ పెట్టలేదు ఎవరూ. వాళ్ళ కంచంలోది ఎవరో ఎత్తుకుపోతున్నారు.

దొంగగాలి.

ఎక్కడో సందుంది. ఆ ఇద్దరి దగ్గరే. పిలవని గాలి ఆ సందులో నించి లోపలికి దూరి, వాళ్ళ పెట్రోలును పల్చన చేస్తోంది. పరుగులో అది తెలీదు — వరదలో చెంబెడు నీళ్ళు. నడకలో, ఇంజను బొట్టు బొట్టుగా తాగేటప్పుడు… ఆ చెంబెడే వరద.

"వెండెల్! రోగం కార్బ్యురేటర్‌లో లేదు. దాని కింద దిమ్మ ఉందే, గాలీ పెట్రోలూ సిలిండర్లకు పంచే దిమ్మ, అది ఇంజనుకు అతికే చోట సందుంది."

"ఎక్కడ?"

"వెనక. ఎడమ మూల."

మొహం మాడ్చుకున్నాడు. "అక్కడ ఉండదు."

"చూశావా?"

"చూడక్కర్లేదు. అది అమ్మ బిగించిన మూల."

*

పసుపు కథ ఇదీ.

ఫ్యాక్టరీలో బోల్టు బిగించినవాళ్ళు దాని తల మీద పెయింటు చుక్క పెట్టాలి. బిగించాను, చూసుకున్నాను, పూచీ నాది — అని. ఒక్కో మూలకు, ఒక్కో షిఫ్టుకు ఒక్కో రంగు. అరవై తొమ్మిది వేసవిలో, రెండో షిఫ్టులో, వెనక ఎడమ మూల పసుపు — మా అత్తది. ఆమెది ఎడమ చేతి వాటం. చుక్క తోక కుడికి కాక ఎడమకి లేస్తుంది. అట్లాంటి చుక్క ఇంకెవరూ పెట్టలేదు.

ఆ ఏడే మామ ఈ కారు కొన్నాడు. పదమూడేళ్ళ వయసులో వెండెల్ బానెట్‌లోకి తల దూర్చి ఆ చుక్కలు చూశాడు.

ఆ రోజు నించి ఆ మూల మీద ఏ పానా పడలేదు.

కడిగినా దాని చుట్టూ కడిగాడు. తుడిచినా దాని చుట్టూ తుడిచాడు. కార్ల మేళాలకు తీసుకెళ్తే జనం చక్రాలు చూస్తారు, రంగు చూస్తారు — ఇతను టార్చిలైటు తీసుకుని బానెట్ కిందికి పిలుస్తాడు. "మా అమ్మ చెయ్యి," అంటాడు. ప్రతిసారీ.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ప్రతి మీటింగులో చెప్పాను. ఓజెల్లా బిగించిన బోల్టు యాభై ఏళ్ళయినా కదల్లేదు, అదీ కార్మికుల చెయ్యి అంటే, అని బల్ల గుద్దాను. జనం చప్పట్లు కొట్టారు.

లైను మీద పనిచేసినదాన్ని. ఆ మూల చూడాలని నాకూ తట్టలేదు.

*

"సందు లేదని చూపిస్తావా, ఉందని చూపించనా?" అన్నాను.

ప్లగ్గులు తుడిచి పెట్టాను. వంట గ్యాసు చిన్న డబ్బా తెచ్చాను, మూరెడు రబ్బరు గొట్టం తగిలించాను. నిప్పు లేదు. వెండెల్ నోట్లో చుట్ట పీకి బయట పారేశాను. స్టార్ట్ చేశాం. గుడు గుడు, దగ్గు, గుడు గుడు. బ్యూలా చచ్చేలోపు తేల్చాలి.

సందుంటే అది పెట్రోలు బదులు ఈ గ్యాసు పీలుస్తుంది. గ్యాసు సన్నగా వదిలి, గొట్టం కొస ఇంజను చుట్టూ తిప్పాను. మెల్లిగా. నాడి చూసే డాక్టరులా.

ముందు కుడి. దగ్గు.

వెనక కుడి. దగ్గు.

ముందు ఎడమ. దగ్గు, వణుకు.

వెనక ఎడమ — పసుపు దగ్గర —

గొంతు విచ్చుకుంది.

గుడుగుడుగుడుగుడు. ఒకే దారంలా. ఒకే ఊపిరిలా. బ్యూలా లేచి నిలబడినట్టు. ఆ ఇద్దరి నోట్లో మెతుకు పడింది. తోడబుట్టిన ఆరుగురితో కలిసి పాట అందుకున్నారు.

గొట్టం తీశాను. దగ్గు.

పెట్టాను. పాట.

తీశాను. దగ్గు.

"విన్నావా?"

"ఏం వినాలి?" అన్నాడు నా మొగుడు. కళ్ళు నేల మీద.

"నీ చెవులు తీసి చర్చి హుండీలో వేశావా?"

నేను పానా కోసం చెయ్యి చాపేసరికి పానాల పెట్టె మీద కూర్చున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. రెండు చేతులా అంచులు పట్టుకుని. స్కూలు బస్సులో సీటు దిగనని మొరాయించే పిల్లాడిలా.

"వెర్నీస్, అది బిగిస్తే పెయింటు పగుల్తుంది."

"పగుల్తుంది."

"మళ్ళీ రాదు."

"రాదు."

"మరి?"

"మరి మీ అమ్మని మళ్ళీ నడిపిద్దామా?"

లేవలేదు. నేనూ లాగలేదు. ఆ మాట నేననగలను గానీ ఆ బోల్టు నేను తిప్పలేను. నిజం చెప్పాలంటే, నాకూ చెయ్యి ఆడలేదు. బ్యూలా మా ఇద్దరి మధ్యా దగ్గి, దగ్గి, ఆగింది.

అప్పుడు కర్ర చప్పుడు.

టక్. టక్. టక్.

*

అత్త అప్పటిదాకా వరండాలో బఠాణీలు ఒలుస్తూ కూర్చునుంది. ఒడిలో గిన్నెతో సహా లేచి వచ్చింది. వచ్చి, గోడ పక్కన పేర్చిన నీళ్ళ సీసాల అట్టపెట్టెల మీద కూర్చుంది.

"ఇందాక ఏం పెట్టారే దానికి? అంత చక్కగా పలికింది."

చెప్పాను. గొట్టం చూపించాను. మూల చూపించాను.

అత్త వినలేదేమో అనుకున్నాను. ఒక బఠాణీ కాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది.

"ఒరేయ్ వెండెల్. అది నేను బిగించలేదురా."

వెండెల్ పెట్టె అంచులు వదిలాడు.

"నీ చుక్కేనమ్మా అది. తోక ఎడమకి…"

"చుక్క నాదే. బిగించలేదంటున్నా." గిన్నె పక్కన పెట్టింది. "ఆ వేసవిలో లైను వేగం పెంచారు. గంటకు పది ఇంజన్లు ఎక్కువ. చేతులు మాత్రం రెండే ఉంచారు. బిగిస్తే చుక్క పెట్టడానికి టైముండదు, చుక్క పెడితే బిగించడానికి ఉండదు. ఫోర్‌మన్‌గాడు ఏనాడైనా బోల్టు ముట్టుకున్నాడా? పసుపుందా లేదా, అంతే వాడికి. పసుపు కావాలా నాయనా? ఇదిగో పసుపు. వేళ్ళతో నాలుగు తిప్పులు తిప్పడం, చుక్క పెట్టడం. నేనొక్కదాన్నే కాదు, ఆరుగురం. వారమంతా అదే పని. శుక్రవారం పానాలు కింద పడేసి బయటికొచ్చేశాం. తిరిగి చూస్తే… షిఫ్టు షిఫ్టంతా మా వెనకాలే."

"వేగం?" అన్నాను.

"తగ్గించారు. చచ్చినట్టు తగ్గించారు."

వెండెల్ మొహం తెల్ల ప్లగ్గులా ఉంది. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఇన్నేళ్ళు!"

"బానెట్‌లోంచి తల ఎత్తి, 'అమ్మా, నీ చెయ్యి' అన్నావు. మసి మొహం, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వు. ఏం చెప్పను? పెద్దయ్యాక చెబుదాంలే అనుకున్నా. పెద్దయి ఏం చేశావు? కనపడ్డవాణ్ణల్లా లాక్కొచ్చి చూపించావు. పాస్టరుగారిని కూడా వంగబెట్టి చూపించావు కదరా! ఆయన నా చేతికి ముద్దు పెట్టాడు. ఇంకేం చెప్పను?"

ఎవరు ముందు నవ్వారో తెలీదు.

నేనే అనుకుంటాను. కాదు, వెండెల్. పెట్టె మీద కూర్చునే, భుజాలు ముందు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తితే నవ్వు. పదమూడేళ్ళ నవ్వు, పళ్ళన్నీ బయటపెట్టి.

"పాస్టరుగారు!" అన్నాడు. అత్త బఠాణీల గిన్నె కింద పడింది. ఆకుపచ్చ గింజలు గరాజంతా దొర్లాయి, బ్యూలా చక్రాల కిందికి, అదే రంగు కిందికి.

పూచీ గుర్తు అనుకున్నాం ఇన్నేళ్ళూ. పూచీ కాదు. ఎదురు తిరిగిన గుర్తు. ఆరుగురు ఆడవాళ్ళు దొర కళ్ళలో కొట్టిన పసుపు.

ఇన్ని మీటింగుల్లో ఇంత మంచి కథ వదిలేసి, దాని పెంకు చెప్పుకుంటూ తిరిగాను నేను!

వెండెల్ లేచాడు. పెట్టె తెరిచాడు. పానా తీసి, చొక్కాకు తుడిచి, అమ్మ చేతికిచ్చాడు.

ఎడమ చేతికి.

*

ఆమె బానెట్ మీదికి వంగింది. నేను నడుం పట్టుకున్నాను, వెండెల్ కర్ర పట్టుకున్నాడు.

మొదటి బోల్టు. ముప్పావు చుట్టు తిరిగింది — వెన్నలో తిరిగినట్టు. ఆ తర్వాత బిగిసింది.

రెండోది. కిర్రుమంది. తిరిగింది. బిగిసింది.

పసుపు పగిలింది. పెచ్చు ఎగిరి, ఇంజను సందుల్లోకి జారిపోయింది.

వెండెల్ వెతకలేదు.

"అరవై తొమ్మిది నించి బాకీ పని," అంది అత్త, రొప్పుతూ. "ఇప్పటికి దిగింది నా షిఫ్టు."

ఇన్నేళ్ళూ ఆ సందును మధ్యలో పెట్టిన అట్టే కాపాడింది; పోయినేడు అదీ ఎండి కుంచించుకుపోయింది. ఆ తర్వాతదంతా విప్పడమే. వెండెల్ ఏడాది పాటు ప్రేమగా పోసిందంతా వెనక్కి తియ్యడం. లావు జెట్లు పీకి సన్నవి పెట్టాం. స్క్రూ లోపలికి తిప్పు, తిప్పు — తడబడింది — అక్కడ ఆగు, అర చుట్టు వెనక్కి. రెండోది. తిప్పు, తిప్పు, విను. చేత్తో కాదు, చెవితో తిప్పాలి. ఇంజను పీల్పు కొలిచే ముల్లు మీటరు తగిలించాం. పొద్దున పూనకం వచ్చినట్టు ఊగిన ముల్లు, ఇప్పుడు నిలబడింది. గాలి లేని రోజు గడ్డిపరకలా.

పచ్చి పెట్రోలు వాసన పోయింది. బఠాణీల వాసన వచ్చింది.

సాయంత్రం నడక పరీక్ష. నేను స్టీరింగు దగ్గర. వెండెల్ బ్యూలాకి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాపి — అడుగులు నేర్చే పిల్లను పిలిచినట్టు.

రా. రా. రా.

ఒక వీధి. రెండు. మూడు. చేపలు వేయిస్తున్న ఎదురింటి క్లీటస్, అట్లకాడతో సహా కంచె దాటి వచ్చాడు.

"ఇవాళ తొయ్యక్కర్లేదా?" అని అరిచాడు.

"నువ్వు తోస్తానంటే నిన్నే తోస్తాం!" అరిచాను.

ఆరు వీధులు. ఒక్క తుప్ లేదు.

ఇంటికొచ్చాక వెండెల్ అడిగాడు, చిన్నగా. "అమ్మా, మళ్ళీ చుక్క పెట్టవా?"

"తొందరెందుకు? వేడెక్కి చల్లారాక ఇంకోసారి బిగించాలి. ఊరేగింపు అయ్యాక, మంగళవారం. అప్పుడు పెడతా. ఈసారి ఉత్త చుక్క పెట్టను."

మందుల షాపు నించి గోళ్ళ రంగు సీసా తెప్పించుకుంది. పసుపుదే. అదే పసుపో కాదో అని బొటనవేలి గోటి మీద పూసి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

*

సోమవారం.

ఎండ. డ్రమ్ములు. సాగినా వీధి ఇటుకలు టైర్ల కింద టకటకలాడుతున్నాయి. ముందు సీట్లో అత్త, తెల్ల టోపీ, ఒళ్ళో సంచీ. సంచీలో పానా. పానా పక్కన సీసా.

వెండెల్ నడుపుతున్నాడు. నేను పక్కన నడుస్తున్నాను, తలుపు మీద చెయ్యి వేసి. చెయ్యి కింద బ్యూలా ఊపిరి. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి.

ఫ్యాక్టరీ ఉన్న చోటు దాటాం. ఇప్పుడక్కడ గోడల్లేవు, గేటు లేదు. పగిలిన సిమెంటులోంచి గడ్డిపూలు. ఎకరాలకు ఎకరాలు పసుపు, గాలికి వంగి లేస్తూ.

అత్త టోపీ తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

అదిగో రైలు వంతెన. అదే ఎత్తు.

ముందు ఏమైందో, డ్రమ్ములు ఆగాయి. ఊరేగింపంతా ఆగింది. వీధి పొడుగునా నిశ్శబ్దం. పోయినేడు తోసినవాళ్ళు చొక్కా చేతులు పైకి మడుస్తున్నారు, అలవాటుగా. వెండెల్ మెడ మీద చెమట.

ఇంజను ఒక్కటే.

గుడు గుడు గుడు గుడు…

మెల్లిగా. ఒంటరిగా. అందరి చెవులూ దాని మీదే.

గుడు గుడు గుడు…

డ్రమ్ము కర్రలు గాలిలోకి లేచాయి. ఇంకా పడలేదు.

అత్త చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, జనానికి ఊపింది.

బొటనవేలి మీద — పసుపు.

గోరంత పసుపు, ఎండ మీద…